రెండు చెవులు

నౌపడలో రాత్రి పది దాటితే ఉప్పుమడుల గాలి, రైలుకూత తప్ప చప్పుడుండదు. అటువంటి వేళ మా అబ్బాయి కొన్న హోమ్ థియేటరు పెడితే, పక్కగదిలో మా అమ్మకు నిద్రెక్కడిది? అందుకని హెడ్‌ఫోను తగిలించాను.

చిత్రం! గదిచుట్టూ ఉన్న అయిదు స్పీకర్లూ మూగవోయినా, సినిమాలో వాన నా వెనకనుంచే కురిసింది. కిటుకేమిటంటే, పక్కనుంచి వచ్చే శబ్దం అవతలి చెవికి సెకనులో వెయ్యోవంతుకన్న తక్కువ ఆలస్యంగా, కాస్త మందంగా చేరుతుంది. చెవిదొప్పల మడతలు దాన్ని మరికొంత మారుస్తాయి. ఆ తేడాలన్నీ యంత్రం లెక్కకట్టి కలుపుతుంది. ఆ ఏర్పాటు లేని యంత్రమైతే మామూలు స్టీరియోయే గతి.

ఆ ముచ్చటలో ఉండగా అమ్మ మంచినీళ్లకని మూడుసార్లు పిలిచిందట. చివరికి తనే గోడ పట్టుకుని వచ్చి, “చెవుడొచ్చిందేట్రా నీకు?” అంది.

ఇప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటున్నాను. వాన వెనకనుంచి కురవడం మానేసింది. పోనీండి, అమ్మ పిలుపు ఎటునుంచో తెలియడానికి ఒక్క చెవి చాలు.