యానాం నుంచి పుదుచ్చేరి: మ్యాపు మీద గంటన్నర, మనిషికి ఒక రోజు

2024 డిసెంబరులో హైదరాబాద్, బెంగళూరుల నుంచి పుదుచ్చేరికి విమానాలు మళ్లీ మొదలైనప్పటి నుంచి ‘యానాం వాళ్లకింక దూరబాధ తీరినట్టే’ అనే మాట వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంతో లెక్క వేసి చూద్దాం.

యానాం నుంచి పుదుచ్చేరికి రోడ్డు మీద సుమారు 870 కి.మీ. శాసనసభ, సచివాలయం, జిప్మర్ ఆసుపత్రి, వృత్తివిద్యా సీట్ల వ్యవహారం చూసే సెంటాక్ అన్నీ అక్కడే. మన ప్రభుత్వం దగ్గరకు మనం వెళ్లాలంటే ఆంధ్ర దాటి, తమిళనాడులో కొంత దూరం నడవాలి.

మనకు దగ్గరి విమానాశ్రయం రాజమండ్రి దగ్గరి మధురపూడి. అక్కడి నుంచి పుదుచ్చేరికి గాలిలో నేరుగా కొలిస్తే సుమారు 610 కి.మీ. చిన్న ఏటీఆర్ విమానానికి గంటన్నర పని. కానీ నేరుగా విమానం లేదు. హైదరాబాద్ మీదుగా వెళ్తే పడమరకు 360, అక్కడి నుంచి దక్షిణానికి 600, వెరసి 960 కి.మీ. పైమాటే. ఇంటి నుంచి మధురపూడికి రెండు గంటలు, ముందుగా చేరి కూర్చునే సమయం, హైదరాబాద్‌లో విమానం మారడం, అన్నీ కలిపితే ఎనిమిది గంటలకు తగ్గదు. రెండు విమానాల వేళలు కుదరకపోతే రోజంతా పోయినట్టే. చెన్నైలో దిగి రోడ్డెక్కినా మరో 150 కి.మీ. ఉంటుంది. లెక్క పెద్దగా మారదు.

నేరుగా విమానం అడగవచ్చు. అయితే పుదుచ్చేరి రన్‌వే 1,500 మీటర్లే. పెద్ద విమానాలు దిగలేవు. పొడిగించాలంటే తమిళనాడు వైపు భూమి కావాలి. అది ఒక్క పుదుచ్చేరి ప్రభుత్వం చేతిలోని పని కాదు.

ఇంతకీ విమానం ఎక్కగలిగేవారు ఎందరు? డయాలసిస్ రోగి, సీటు కోసం తిరిగే విద్యార్థి, పింఛను ఫైలు కదలని విశ్రాంత ఉద్యోగి, వీరిలో ఎక్కువమందికి దిక్కు కాకినాడ నుంచి బయలుదేరే రైలే. రాత్రంతా రైల్లో గడిపి, పని ఒక్కరోజులో తెమలకపోతే అక్కడ గది అద్దె కూడా భరించాలి.

కాబట్టి దూరం తగ్గించే అసలు మార్గం పనిని ఇక్కడికి తేవడమే. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 90 పడకల జిప్మర్ విభాగం ఆ దారిలో పడిన మంచి అడుగు. అక్కడ నిపుణులైన వైద్యులు క్రమం తప్పకుండా ఉంటే ఎన్నో ప్రయాణాలు మిగులుతాయి. అలాగే పత్రాల పరిశీలన, ఫైళ్ల విచారణ యానాం పరిపాలనాధికారి కార్యాలయంలోనో, వీడియో ద్వారానో ముగించాలి. తప్పనిసరిగా పిలిచినప్పుడు కనీసం వారం ముందు తెలియజేయాలి. దీనికి రన్‌వే అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

విమానం వస్తే సంతోషమే. కానీ విమానం వచ్చిందన్న పేరుతో ఈ చిన్న కోరికలు పక్కకు పోకూడదన్నదే మా విజ్ఞప్తి.