చేపను కాదు, చెరువును చూసి కొనండి
గాలానికి అల్లిక దారం కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని కిలోలు ఆపుతుంది?’ అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది గాలం ఎక్కడ వేస్తామన్నది. రెండు కిలోల కొరమీనుకు 10 పౌండ్ల దారం, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు మోసేది, లెక్కప్రకారం సరిపోవాలి. కానీ గాలానికి చిక్కగానే ఆ చేప తామరాకుల్లోకో గుర్రపుడెక్కలోకో దూరుతుంది; అప్పుడు చేపతోపాటు కలుపునీ లాగాలి. అందుకే అలాంటి చెరువుకు 30 నుంచి 50 పౌండ్లు న్యాయం. తేటనీటికి, తేలిక కర్రకు 15 చాలు; సన్నదారం దూరం పోతుంది. అలాగని 80 పౌండ్లది చుట్టేస్తే ధీమా ఉండదు. అల్లిక దారం నైలాన్‌లా సాగదు. దారం తెగకపోతే గాలం వంగుతుంది, లేదా కర్ర విరుగుతుంది. దారం బలంలో నాలుగోవంతు దగ్గర రీలు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని జారనిచ్చే బిగువు) బిగించడం రానివాళ్లకు ఎంత గట్టి దారమైనా దండగే.