మందు రాసిన చేతికే మాన్పించే బాధ్యత

కుంగుబాటుకు మందు మొదలుపెట్టేటప్పుడు వైద్యుడు మోతాదు చెబుతాడు, ఏ పూట వేసుకోవాలో చెబుతాడు. ఎప్పుడు, ఎలా మానాలో మాత్రం చాలా చీటీలలో కనిపించదు. కొన్ని నెలల కోసం రాసిన మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంది. వెళ్లిన ప్రతిసారీ "అవే వాడండి" అన్న ఒక్క మాటతో పని ముగుస్తుంది. ఇవి వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ మందులు. అయినా పాత చీటీతోనే దుకాణంలో దొరుకుతూ ఉంటాయి. దీనిని చికిత్స అనడానికి నాకు మనసొప్పదు.

ఇక ఇంట్లో మరో రకం ఒత్తిడి. "అవి మత్తుమందులు, అలవాటైపోతావు, మానెయ్" అని బంధువులు నూరిపోస్తారు. రోగి ఒక్కరోజులో మానేస్తాడు. కొద్ది రోజులకే తల తిరుగుడు, వికారం, నిద్రలేమి, పీడకలలు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్లు జిల్లుమనడం మొదలవుతాయి. బెదిరిపోయి వైద్యుని దగ్గరకు వెళితే, "జబ్బు తిరగబెట్టింది, ఇక జీవితాంతం వాడాల్సిందే" అని తీర్పు వెలువడుతుంది.

నేను తప్పుపట్టేది సరిగ్గా ఈ తీర్పునే. మందు మానడం వల్ల కలిగే బాధలు వేరు, జబ్బు తిరగబెట్టడం వేరు. మొదటివి సాధారణంగా మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి. తల జిల్లుమనడం వంటి, పాత జబ్బులో ఎన్నడూ లేని లక్షణాలు వాటిలో ఉంటాయి. మందు తిరిగి వేసుకుంటే త్వరగా తగ్గుతాయి. కుంగుబాటు సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా కమ్ముకొస్తుంది. ఇది వ్యసనం కూడా కాదు. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడిన మెదడు, అది లేని స్థితికి సర్దుకోవడానికి పడే అవస్థ.

ఈ బాధలు స్వల్పమనీ, వారంలో పోతాయనీ వైద్యలోకం చాలాకాలం చెబుతూ వచ్చింది. రోగులు కాదని మొరపెట్టుకున్నారు. చివరకు 2019లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ తన వైఖరి మార్చుకుంది. అక్కడి నైస్ సంస్థ కూడా అదే ఏడాది తన మార్గదర్శకాలను సవరించింది. ఈ బాధలు అందరికీ రావు. వచ్చినవారిలోనూ తీవ్రంగా ఉండేది కొద్దిమందికే. అంతమాత్రాన వారి మాట కొట్టిపారేయదగినది కాదు.

మోతాదు తగ్గించడంలో ఒక కిటుకు ఉంది. రోజుకు 20 మిల్లీగ్రాముల సిటలోప్రామ్, మెదడులో సెరటోనిన్‌ను వెనక్కు పీల్చుకునే ద్వారాలలో సుమారు 80 శాతాన్ని మూస్తుంది. 5 మిల్లీగ్రాములకు తగ్గించినా దాదాపు 60 శాతం మూసే ఉంటాయి. అంటే మందు ముప్పాతిక వంతు తగ్గినా ప్రభావం తగ్గింది పావు వంతే. ఆ చివరి 5 మిల్లీగ్రాములను ఒకేసారి మానితే మెట్లు దిగుతున్న మనిషి చివర గోతిలో దూకినట్లే. అందుకే చివరి మెట్లు అతి చిన్నవిగా ఉండాలి. దీర్ఘకాలం వాడినవారికి నెలలు పట్టవచ్చు. పెరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి శరీరం నుండి త్వరగా వెళ్లిపోతాయి గనుక రోజు విడిచి రోజు వేసుకోవడం సరైన పద్ధతి కాదు.

"మానితే జబ్బు తిరిగి రాదా?" అని అడగవచ్చు. రావచ్చు. దీర్ఘకాలం మందు వాడి, బాగుండి, మానాలనుకున్న 478 మందిపై బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. ఏడాదిలో జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 39 శాతం, మానినవారిలో 56 శాతం. మందుకు విలువ ఉందన్నది ఎంత నిజమో, మానినవారిలో 44 శాతం నిలదొక్కుకున్నారన్నదీ అంతే నిజం. పలుమార్లు తీవ్రంగా కుంగినవారు, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు కొనసాగించడమే మేలు కావచ్చు. అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమై ఉండాలి, ఎవరూ అడగనందువల్ల సాగిపోయినది కాకూడదు.

కనుక ఇది చదివి రేపే మాత్ర మానకండి. వైద్యుని దగ్గరకు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: నాకిది ఇంకా ఎందుకు అవసరం? మానదలిస్తే ఏ మెట్లలో తగ్గించాలి? మధ్యలో బాధ కలిగితే ఎవరిని కలవాలి? గుళికలను, నెమ్మదిగా కరిగే మాత్రలను సొంతంగా విరవకండి. చనిపోవాలన్న తలపు వస్తే ఆలస్యం చేయక వైద్యుని కలవండి, లేదా 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి. ఆ మూడు ప్రశ్నలకు విసుక్కునే వైద్యుడు ఎదురైతే, ఓపికగా జవాబు చెప్పే మరొకరిని వెతుక్కోండి. అది మీ హక్కు.