మొదటిసారి రుచి చూచువారికి స్కాచి విస్కీలు



క్రొత్తవారిని నలుగురిని కూర్చుండబెట్టి, తమ దేశపు విస్కీలను కొలదికొలదిగా రుచి చూపు గోష్ఠులు స్కాట్లండు దేశమున పరిపాటి. చదువులకును, ఉద్యోగములకును పోయి గ్లాస్గో, ఎడింబరో నగరములలో కాపురమున్న మన తెలుగు స్త్రీలకు అట్టి పిలుపులు రావచ్చును. ఒక్కొకప్పుడు తామే పిలువవలసియు రావచ్చును. పిలిచిన గృహిణిపై రెండు బాధ్యతలు గలవు. రుచిలోని భేదము తెలియునట్లు సీసాల నేర్చుట యొకటి. వచ్చినవారెవ్వరును మొగమాటమునకు త్రాగకుండ జూచుట రెండవది. ఈ మాసమున నీ రెంటిని గూర్చి ముచ్చటింతము.

అంగడికి పోయినవారు తఱుచుగా వెల హెచ్చైనదానినో, ఏండ్లు హెచ్చైనదానినో, రంగు చిక్కనైనదానినో కోరుదురు. ఈ మూడు గుర్తులును క్రొత్తవారికి దారి చూపవు. స్కాచి విస్కీని గూర్చిన 2009 నాటి చట్టము, రంగు కొఱకు మాడ్చిన చక్కెర పాకమును చేర్చుటకు అనుమతించుచున్నది. కావున చిక్కని రంగు చిరకాలపు నిలువకు సాక్ష్యము కాదు. సీసాపై 12 ఏండ్లని యున్నచో, అందు కలిసినవానిలో మిక్కిలి లేతదానికి 12 ఏండ్లు నిండినవని యర్థము. ఆ దేశముననే ఓకు కొయ్య పీపాలలో కనీసము 3 ఏండ్లు నిలువయుండిన గాని దానికి స్కాచి యను పేరు చెల్లదు. అటుపైని ఏండ్లు గడచిన కొలది కొయ్య రుచి బలియును. అది కొందఱికి హితవు, కొందఱికి కాదు. ఇక వెల యందురా, అది సరకు కొఱతను బట్టియు పెరుగును.

మఱి యెట్లేర్చవలెను? సంగీతము చెప్పు గురువు సరళీస్వరములతో మొదలిడి మెట్టుమెట్టుగా నడుపునట్లు, మెత్తని రుచితో మొదలిడి, ఒక్కొక్క సీసాతో ఒక్కొక్క భేదమును చూపవలెను. నాలుగు సీసాలు చాలును. నాలుగును సింగిల్ మాల్టులైనచో పోల్చుట సుళువు. అనగా మొలకెత్తించిన బార్లీతో ఒకే కార్ఖానాలో బట్టీపట్టినవి.

మొదటిది గ్లాస్గో చేరువనున్న ఆఖెన్‌టాషన్. సామాన్యముగా స్కాచి మాల్టులను రెండుమాఱులు బట్టీపట్టుదురు. ఇచట మూడుమాఱులు పట్టుదురు. అందుచే నిది తేలికగా నుండి, క్రొత్త నాలుకను బెదరింపదు.

రెండవది స్పే నదీప్రాంతపు కార్డూ. రెండుమాఱులే దింపినది గాన కొంత నిండుదనము హెచ్చు. ఈ కార్ఖానా చరిత్రము స్త్రీల చరిత్రము. 1824లో లైసెన్సు పొందుటకు పూర్వము ఇచట దొంగచాటుగా విస్కీ కాచుచుండిరి; సుంకపు ఉద్యోగులు వచ్చినప్పుడు హెలెన్ కమ్మింగ్ అను గృహిణి ఎఱ్ఱజెండా యెత్తి ఇరుగుపొరుగువారిని హెచ్చరించెడిదని చెప్పుదురు. ఆమె కోడలు ఎలిజబెత్, 1872లో భర్త పోగా తానే వ్యవహారమును చేపట్టి, క్రొత్త కార్ఖానాను కట్టించి, 1893లో జాన్ వాకరు కంపెనీవారికి విక్రయించెను.

మూడవది గ్లెన్‌ఫార్క్లస్. ఇదియు స్పే సీమదే. ఇక్కడి భేదము పీపాలో నున్నది. స్పెయిను దేశపు షెర్రీ యను ద్రాక్షసారాయముతో నానిన పీపాలలో నిలువయుంచుటచే, దీనికి కిస్‌మిస్, ఖర్జూరములను దలపించు వాసన యబ్బును.

నాలుగవది ఐలా దీవియందలి లఫ్రోయిగ్. చిత్తడినేలలలో వేలయేండ్లు గడ్డకట్టిన నాచును, గడ్డిని పెల్లలుగా త్రవ్వి యెండించినది పీటు. మొలకెత్తిన బార్లీకి ఆ పీటుపొగ పట్టింతురు గాన, పొగయు, టింక్చరు అయోడినును కలసిన వాసన వచ్చును. 1934లో వేసవి కొలువునకు గుమాస్తాగా వచ్చిన బెస్సీ విలియంసన్, 1954లో యజమాని మరణింపగా ఈ కార్ఖానాకు అధికారిణియై, 1972 వఱకు నడిపెను. దీనిని ముందుగా పోసినచో తక్కిన మూడును చప్పనగును. విస్కీ యనిన నిదియే కాబోలునని క్రొత్తవారు మొగము త్రిప్పుకొందురు. కాన పొగ యెప్పుడును కడపటనే.

ఒక్కొక్కదానిలో మనిషికి రెండు చిన్న చెంచాలు, అనగా 10 మిల్లీలీటర్లు, మించరాదు. అడుగు వెడల్పై పైన మూతి సన్నగిల్లిన గాజుగిన్నె మంచిది, వాసన చెదరదు. నోరు కొంచెము తెఱచి, ముక్కును దూరమున నుంచి మూర్కొనవలెను. చుక్కచుక్కగా నీరు కలిపినచో ఘాటు తగ్గి వాసన విడివడును. నడుమ నడుమ మంచినీళ్లును, చప్పని రొట్టెముక్కయు నుంచవలెను. పుక్కిలించి యుమ్మివేయుటకు ప్రతివారిముందు నొక పాత్ర యుంచుట మఱువరాదు. రుచి యెఱిగిన పెద్దలును అట్లే చేయుదురు, అందు సిగ్గులేదు.

ఇక రెండవ బాధ్యత. మద్యమున హానిలేని కొలత యేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మందులు వాడువారు, ఇంటికి కారు నడుపుకొని పోవలసినవారు వద్దన్నప్పుడు మఱుమాట యాడరాదు. ఏ కారణమును చెప్పక వద్దన్నవారిని అసలే యడుగరాదు. గోష్ఠికి ముందే భోజనము పెట్టుట, త్రాగనివారికి మంచి పానీయము నొకదానిని సిద్ధపఱచుట గృహిణి విధి.

త్రాగనివారు ఆ బల్లయొద్ద వెలితిగా కూర్చుండవలసిన పనియు లేదు. విస్కీలను మేళవించు నిపుణులు తమ పనిలో నెక్కువ భాగము ముక్కుతోనే చేయుదురు. ఎలిజబెత్ కమ్మింగ్ తన కార్ఖానాను అమ్మిన ఆ వాకరు విస్కీకే 2022లో ఎమ్మా వాకరు అను వనిత ప్రధాన నిపుణురాలయ్యెను. నాలుగు గిన్నెలను వరుసగా మూర్కొని, ఇది తేనె, ఇది ఖర్జూరము, ఇది పొగ యని చెప్పగలిగినవారు చుక్క మ్రింగకయే ఆ గోష్ఠిఫలమును పొందినవారగుదురు. ప్రతి వంటింటిలోను పోపు వాసనబట్టి పాకము నెఱుగు మన స్త్రీలకు ఆ నేర్పు క్రొత్త కాదు.