అనాసపండును, కందపద్యమును

సంతలో అనాసపండు కొనువారు దాని వాసన చూతురు, బరువు చూతురు. దాని పైనున్న కన్నులను లెక్కించువారు అరుదు. ఆ కన్నులు చిందరవందరగా పుట్టినవి కావు. పండును ఏటవాలుగా చుట్టుకొనుచు పైకి సాగు వరుసలలో అమరియుండును. ఒక వైపునకు వాలిన వరుసలు సాధారణముగా 8, రెండవ వైపునకు వాలినవి 13 ఉండును. పొద్దుతిరుగుడుపువ్వు నడిమి గింజలలో ఇట్టి వరుసలే తరచుగా 34, 55 కానవచ్చును.

ఈ సంఖ్యలకును తెలుగు తరగతికిని సంబంధమేమి? లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. 4 మాత్రలను ఎన్ని విధములుగా కూర్పవచ్చును? గగ, భ, జ, స, నల; ఐదు విధములే. కందపద్య లక్షణమును వల్లించు విద్యార్థి ఈ ఐదు పేర్లను తప్పక వల్లించును. ఆరవది ఏల లేదని మాత్రము అడుగడు. అడిగినచో ఒక చక్కని లెక్క బయటపడును. 3 మాత్రలకు 3 విధములు, 4 మాత్రలకు 5, 5 మాత్రలకు 8, 6 మాత్రలకు 13. ఏ కూర్పయినను లఘువుతోనో గురువుతోనో ముగియవలయును గనుక, ముందున్న రెండు సంఖ్యలను కూడినచో తరువాతి సంఖ్య వచ్చును. ప్రాకృత ఛందోవేత్త విరహాంకుడు ఈ సూత్రమును ఎరుగును. 12వ శతాబ్దమున హేమచంద్రుడు దానిని స్పష్టముగా చెప్పెను. ఇటలీ దేశీయుడైన ఫిబొనాచీ తన గ్రంథమును వ్రాసినది 1202లో. లోకము మాత్రము ఆ సంఖ్యలకు అతని పేరే పెట్టినది.

పువ్వునకు ఛందస్సు తెలియదు. మొక్క పెరుగు కొనయందు ప్రతి కొత్త మొలకయు ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల ఎడముగా, చోటు ఎక్కువగా నున్న దిక్కున పుట్టును. ఆ సర్దుబాటు ఫలమే ఈ వరుసలు. 1992లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు డువాడీ, కూడెర్ అయస్కాంత ద్రవపు చుక్కలు ఒకదాని నొకటి తోసికొనునట్లు చేసి, ప్రాణములేని చుక్కలును ఇట్టి సుడులుగా అమరుటను చూపిరి.

ఇంతమాత్రమున ప్రకృతి యంతయు ఒకే సంఖ్యామాలకు కట్టుబడినదని చాటుట అత్యుత్సాహము. సామాన్య జనులు పెంచి, 600కు పైగా పొద్దుతిరుగుడుపువ్వులను లెక్కించిన ఫలితములు 2016లో ప్రకటితమయ్యెను. ఎక్కువ లెక్కలు ఈ సంఖ్యలకు సరిపోయినవి, కొన్ని సరిపోలేదు.

ఉపాధ్యాయులు తలచుకొనవలసినది ఆ కొన్నింటినే. ఒక బాలుడు పండును లెక్కించి 12 వరుసలున్నవని చెప్పెననుకొందము. “తప్పు, 13 అని వ్రాయుము” అని దిద్దినచో వానికి ఒక సంఖ్య అబ్బును గాని, తన కంటికన్న పుస్తకమే సత్యమను నమ్మకము కూడ అబ్బును. మరల లెక్కింపుమనవలెను, మరల 12 వచ్చినచో 12 అనియే వ్రాయనీయవలెను. గణములను వల్లింపజేయుటయు, సంఖ్యలను వల్లింపజేయుటయు ఒకే లోపమునకు రెండు ముఖములు.

ఏడాదికి ఒక్కనాడైనను తెలుగు ఉపాధ్యాయుడును, లెక్కల ఉపాధ్యాయుడును ఒకే తరగతిలో ఒక అనాసపండు ముందు నిలువవలెను. ఒకరు మాత్రలు లెక్కింపజేయుదురు, ఒకరు వరుసలు లెక్కింపజేయుదురు. లెక్క ముగిసిన పిదప పండును కోసి పిల్లలకు పంచవచ్చును. ఆ పాఠము వారు మరువరు.