పొలానికి చేరేముందు పొరను పరీక్షించాలి

పైపాటుగా యూరియా వేయవలసిన రోజున రైతుకు తెలియవలసింది వేరుమండలంలో ఆనాడు ఉన్న నైట్రేటు ఎంత అన్నది. నేల పరీక్షలో వాడే క్షార పర్మాంగనేటు పద్ధతి లభ్య నత్రజనిని అంచనా వేస్తుంది గాని ఈ ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు. నానో పొరలు గల విద్యుత్ రసాయన సెన్సార్లు ఆ లోటు తీర్చగలవన్న ఆశ సమంజసమైనదే. అయితే పొర ఏర్పడిన తీరును నమోదు చేయని సెన్సారును విస్తరణ సిఫారసుగా అంగీకరించరాదు.

లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్లు ఇందుకు మంచి ఉదాహరణ. నికెల్, అల్యూమినియం నైట్రేటు ద్రావణంలో ఎలక్ట్రోడుకు రుణ విభవం కల్పిస్తే నైట్రేటు క్షయకరణం చెంది హైడ్రాక్సిల్ అయాన్లు వెలువడతాయి. ఉపరితలం వద్ద క్షారత పెరిగి, లోహ హైడ్రాక్సైడ్లు పలుచని పొరగా పేరుకుంటాయి. ధనావేశపు పలకల మధ్య రుణ అయాన్లు చేరి, ఇతర అయాన్లతో మార్పిడి చెందుతాయి. అధిక ఉష్ణోగ్రత గాని, శూన్య పరికరాలు గాని అవసరం లేకపోవడం ఈ పద్ధతికి గల సౌలభ్యం.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. విభవం, సమయం, గాఢత కొద్దిగా మారినా పొర మందం మారుతుంది. విభవం మితిమీరితే హైడ్రోజన్ బుడగలు పుట్టి పొర సడలుతుంది. అప్పుడు ఒకే పద్ధతిలో చేసిన రెండు ఎలక్ట్రోడ్లు ఒకే నమూనాకు రెండు విలువలు చూపవచ్చు.

దీనిని పసిగట్టే సాధనం క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్. 1959లో జావర్‌బ్రే ప్రతిపాదించిన సమీకరణం ప్రకారం, 5 మెగాహెర్ట్జ్ స్ఫటికం పౌనఃపున్యం 1 హెర్ట్జ్ తగ్గితే చదరపు సెంటీమీటరుకు సుమారు 17.7 నానోగ్రాముల బరువు చేరినట్లు. పొర పలుచగా, దృఢంగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. చేరిన బరువును ప్రవహించిన విద్యుదావేశంతో పోల్చితే పొర ఎంత సమర్థంగా ఏర్పడిందో, పక్క చర్యలు ఏ మేరకు జరిగాయో అంచనా వేయవచ్చు.

ఈ పరికరం అన్ని ప్రయోగశాలలకూ అందుబాటులో ఉండదన్న అభ్యంతరం సహజం. కాని ఇది అవసరమయ్యేది తయారీ దశలోనే, పొలంలో కాదు. అదీ లేనిచోట విద్యుదావేశ నమోదు, పలు ఎలక్ట్రోడ్ల ఫలితాల పోలిక కనీస బాధ్యతగా ఉండాలి.

మరొక పరీక్ష అసలైన నీటితో జరగాలి. ఈ పొరల మధ్య చోటు కోసం నైట్రేటు కంటే కార్బొనేటు బలంగా పోటీపడుతుంది. స్వేదన జలంలో చక్కగా పనిచేసిన సెన్సారు బైకార్బొనేటు అధికంగా ఉన్న బోరునీటిలో తడబడవచ్చు. నైట్రేటును తక్కువగా చూపితే అనవసరపు యూరియా పొలానికి చేరుతుంది. ఎక్కువగా చూపితే పైరుకు నత్రజని కొరవడుతుంది. నష్టపోయేది రెండు సందర్భాల్లోనూ రైతే.

కాబట్టి అత్యల్ప గుర్తింపు పరిమితి ఒక్కటే విద్యార్థి సిద్ధాంత గ్రంథానికి గీటురాయి కారాదు. పొర బరువు, ఎలక్ట్రోడ్ల మధ్య వ్యత్యాసం, అసలు నేల ద్రావణంలో ఫలితం కూడా అందులో చోటుచేసుకోవాలి. ఈ మూడు వివరాలను అడిగి తెలుసుకున్న తరువాతే విస్తరణ శాస్త్రవేత్త ఆ సెన్సారును రైతు చేతికి అందించాలి.