ద్వారమునొద్ద నిలిచిన బిడ్డ



క్రితం నెలలో ఒక గ్రామ సంఘపు సహోదరి తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని పట్నము వచ్చింది. పెద్దమ్మాయికి పెండ్లి కుదిరింది. చార్మినార్ ప్రక్కన లాడ్ బజారులో గాజులు కొనాలని ఆమె కోరిక. పాతబస్తీ దారులు వారికి తెలియవు గనుక మేము కూడ వెళ్లాము. చిన్నమ్మాయి గురుకుల పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుతున్నది. బడి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. దారి పొడవునా ఆ పిల్ల నోరు విప్పలేదు. తల్లే చెప్పింది.

“నాలుగు గోల్స్ పడ్డయని బళ్లె అందరు నవ్విన్రంట అయ్యగారూ. ఇగ ఆడనంటున్నది. వాళ్ల నాయిన గూడ మాన్పిద్దమనే అంటున్నడు. ఆడపిల్లకు ఆటలేందని చుట్టాలు మొదటి నుంచి అననే అంటున్నరు. మీరేమంటరు?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. గాజులు కొన్న తరువాత తిరుగు దారిలో మా ఆటో దబీర్‌పురా దర్వాజా దగ్గర రద్దీలో ఆగింది. అప్పుడు ఆ బిడ్డ మొదటిసారి మాట్లాడింది. “అటు గోడ లేదు, ఇటు గోడ లేదు. మరి దర్వాజా ఎందుకున్నది?”

ఒకప్పుడు హైదరాబాదు నగరము చుట్టూ రాతి గోడ ఉండేది. ఆ గోడకు పదికి పైగా దర్వాజాలు, ప్రతి దర్వాజా దగ్గర కావలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చినప్పుడు గోడ చాలా మేరకు దెబ్బ తిన్నది. మిగిలినది తరువాతి కాలములో రోడ్లకు, ఇండ్లకు దారి ఇచ్చింది. నేడు దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రమే నిలిచి ఉన్నవి. ఈ సంగతి చెబుతూ ఉండగానే ఆ తల్లి ప్రశ్నకు జవాబు మాకు దొరికింది. కావలి కాయువారిని గూర్చి ఈ నెల కొంచెము ఆలోచింతము.

ఫుట్‌బాల్ ఎరుగని పెద్దలకు ఒక మాట. జట్టుకు 11 మంది. పదిమంది బంతిని కాలితో తన్ని ముందుకు తీసికొని పోతారు. ఒక్కరు మాత్రము 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుగల గోలు ముందు నిలబడి, వచ్చిన బంతిని చేతులతో ఆపాలి. మన ఊళ్లలో జొన్న చేను మధ్య మంచె మీద కావలి ఉండే మనిషివంటి పని అది. ఉదయము నుండి ఎన్ని పిట్టలను తోలినదీ ఎవరూ లెక్కపెట్టరు. సాయంత్రము ఎన్ని కంకులు పోయినవో మాత్రము ఇంటిల్లిపాది లెక్కపెడతారు.

ఈ పనిలో మన నగరమునకు గొప్ప పేరే ఉన్నది. 1935లో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ 1958లో ఆసియా ఖండమంతటిలో శ్రేష్ఠుడైన గోల్‌కీపరుగా ఎన్నికయ్యాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో మన దేశము దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించి బంగారు పతకము గెలిచినప్పుడు గోలు ముందు నిలిచినవాడు ఆయనే. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడ హైదరాబాదువాడే.

అయితే ఆ మైదానముల ద్వారము ఆడబిడ్డలకు సులభముగా తెరవబడలేదు. ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. ఇంగ్లాండులో 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో స్త్రీల ఆట చూచుటకు 53,000 మంది వచ్చారు. మరుసటి సంవత్సరము డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాల్ సంఘమువారు ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తమ క్లబ్బుల మైదానములలో వారిని ఆడనివ్వకుండా నిషేధించారు. ఆ నిషేధము దాదాపు 50 ఏళ్లు ఉండెను. మన దేశములోనైతే 1975లోగాని స్త్రీల ఫుట్‌బాల్‌కు ఒక సమాఖ్య ఏర్పడలేదు.

ఆ ఇంగ్లాండుకే వెళ్లి గోలు ముందు నిలిచిన మన దేశపు ఆడబిడ్డ ఒకరున్నారు. పేరు అదితి చౌహాన్. 1992లో చెన్నైలో పుట్టి ఢిల్లీలో పెరిగింది. చిన్నతనములో ఆడినవి బాస్కెట్‌బాల్, కరాటే. 15వ ఏట ఢిల్లీ బాలికల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరుగా చోటు దొరికింది. అక్కడినుండి భారత జట్టుకు ఎదిగి, దక్షిణాసియా పోటీలు గెలిచిన మన జట్లలో ఒకతెగా నిలిచింది. ఆటతోపాటు చదువును విడువలేదు. ఇంగ్లాండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయములో క్రీడల నిర్వహణపై పై చదువు చదివింది. 2015లో లండనులోని వెస్ట్‌హామ్ క్లబ్బువారి స్త్రీల జట్టు ఆమెను చేర్చుకున్నది.

మా వెంట వచ్చిన చిన్నదానికి మేము చెప్పదలచినది ఈ తరువాతి సంగతే. 2015 ఆగస్టు 16న ఆమె వెస్ట్‌హామ్ తరఫున మొదటి ఆట ఆడింది. కావెంట్రీ జట్టు చేతిలో వెస్ట్‌హామ్ 5-0తో ఓడింది. పరాయి దేశము, క్రొత్త జట్టు, మొదటి రోజు, అయిదు గోల్స్! ఆ రాత్రి ఆమె మనసు ఎట్లుండెనో గోలు ముందు నిలిచిన ప్రతి బిడ్డకు తెలుసు. కాని ఆమె సామాను సర్దుకొని ఇంటికి రాలేదు. ఆ క్లబ్బులోనే ఉండి మరల మరల ఆడింది. తరువాత స్వదేశమునకు వచ్చి, 2020లో భారత మహిళల లీగు గెలిచిన గోకులం కేరళ జట్టులో ఆడింది. మోకాలి గాయము నెలల తరబడి కూర్చోబెట్టినప్పుడు కూడ తిరిగి లేచి మైదానమునకు వచ్చింది.

ఇంకొక దినమును గూర్చి చెప్పాలి. 2022 జనవరి 20న నవీ ముంబయిలో ఆసియా కప్ పోటీలు. భారత జట్టు ఇరాన్‌తో ఆడింది. ఆ దినము ఒక్క గోలు కూడ లోపలికి పోలేదు. ఆట 0-0గా ముగిసింది. అయితే మూడు దినములు గడిచేసరికి మన జట్టులో చాలామందికి కోవిడ్ సోకి, ఆడుటకు తగినంతమంది లేక పోటీనుండి తప్పుకొనవలసి వచ్చింది. నియమము ప్రకారము ఇరాన్‌తో ఆడిన ఆట కూడ లెక్కలోనుండి తీసివేయబడింది.

చూచితిరా! అయిదు గోల్స్ పోయిన దినము పుస్తకములో నిలిచిపోయింది. ఒక్క గోలు కూడ పోని దినము ఆ పోటీ లెక్కలో లేకుండ పోయింది. మనుష్యుల లెక్క ఇట్లుంటుంది. గెలుపు ఓటముల అంకెలను బట్టి తన విలువ కట్టుకొనువాడు ఏదో ఒక దినమున కూలిపోక తప్పదు.

మన వేదములో మొదటి దినవృత్తాంతముల గ్రంథము తొమ్మిదవ అధ్యాయము తీసి చూడండి. పేర్ల పట్టికలే గదా అని సాధారణముగా మనము దాటిపోయే అధ్యాయమది. అక్కడ ఆలయ ద్వారపాలకుల లెక్క ఉన్నది. వారు 212 మంది. వారు ఎందరిని ఆపారో, ఎన్నిసార్లు పొరబడ్డారో అక్కడ లేదు. ద్వారమునొద్ద నిలిచారు, ఉదయముననే తలుపులు తీసారు, రాత్రులు కావలి ఉన్నారు. దేవుడు వ్రాయించినది అదే. రాజుల పేర్లున్న గ్రంథములోనే వాకిటివారికి కూడ చోటిచ్చిన దేవుడు మన దేవుడు.

మన ఇండ్లలో ఈ కావలి ఎవరిదో వేరుగా చెప్పనవసరము లేదు. ఆరుగురు పిల్లలను పెంచిన తల్లిని తప్పిపోయిన ఒక్కని కొరకే నిందించే ఊరు మనది. ఆమె ఆపిన కీడులను లెక్కించినవారెవరు?

అదితి చౌహాన్ 17 ఏళ్ల ఆట తరువాత 2025 జూలైలో పదవీ విరమణ ప్రకటించింది. అప్పటికే ఆమె బాలికలకు ఫుట్‌బాల్ నేర్పుటకు ఒక శిక్షణాలయము స్థాపించి యున్నది. ఆమె విరమణకు కొద్ది దినముల ముందే మన దేశపు స్త్రీల జట్టు థాయ్‌లాండును వారి దేశములోనే ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది. ఈ ఆటలో మన తెలుగు నేల బిడ్డ కూడ ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతూ, 2025లో దేశములోని ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు పొందింది. తండా నుండి దారి ఉన్నప్పుడు మన పల్లెల నుండి ఎందుకుండదు?

గనుక తలిదండ్రులారా, బిడ్డ ఆడనంటే బలవంతపెట్టవద్దు. కాని నలుగురు నవ్వారన్న కారణముచేత మాత్రము మాన్పించవద్దు. ఓడి ఇంటికి వచ్చిన దినమున “ఎన్ని పోయినవి?” అని అడుగకముందు “అన్నము తిన్నావా?” అని అడగండి. ఆదివారము ఆరాధన, చదువు, ఆట ఈ మూడింటికి వేళలు ఏర్పరచుట పెద్దల బాధ్యత. ఉపాధ్యాయులతో కలిసి మాట్లాడితే అది సాధ్యమే. తగిన బట్టలు, భద్రమైన ప్రయాణము, నమ్మదగిన శిక్షకులు ఉన్నారో లేదో విచారించండి. అది మీ హక్కు. సంఘ పెద్దలు కూడ క్రిస్మసు ఆటల పోటీలలో ఆడపిల్లలకు ముగ్గులు, మ్యూజికల్ చైర్లతో సరిపెట్టక ఒక బంతి ఇచ్చి చూడండి.

ఆ సాయంత్రము బస్టాండు చేరకముందు ఆ తల్లి ఆటో ఆపించింది. కొంగుముడిలో మిగిలిన డబ్బు లెక్కపెట్టుకొని, ఆట సామాను దుకాణములో గోల్‌కీపరు తొడుక్కొనే చేతి తొడుగులు బేరమాడి కొన్నది. “వాళ్ల నాయినకు నేను చెప్త” అన్నది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోనుండి మాకు చేయి ఊపిన ఆ పిల్ల చేతులకు ఆ తొడుగులే ఉన్నవి.

ప్రభువు మన బిడ్డల రాకపోకలను కాపాడును గాక. ఓడిన దినమున మరల లేచి నిలుచు బలమును వారికిచ్చును గాక. ఆమేన్.